ఉడికిన ఊలు సంసారం

ఆ శుక్రవారం పొద్దున ఆండాలు పెట్టుకున్న పని చాలా చిన్నది. పత్తర్‌గట్టీకి పోయి నల్ల గుండీలు కొనుక్కొచ్చి, పిల్ల బొమ్మలు రెండింటికీ కళ్లు కుట్టేస్తే అయిపోయినట్టే. అయ్య బొమ్మ, అమ్మ బొమ్మ అప్పటికే కళ్లు తెరిచి, మొఘల్‌పురాలోని ఆ రెండు గదుల ఇంట్లో గూట్లో కూర్చుని ఉన్నాయి. చేతికి తొడుక్కుని ఆడించే ఊలు బొమ్మలవి. అయ్యకు గుబురు మీసాలు, అమ్మకు ఆకుపచ్చ చీర.

ఆండాలు మొగుడు బాలకిషన్ కుటుంబ నియంత్రణ ప్రచారం చేసే ఆఫీసులో అటెండరు. ఇద్దరు పిల్లలు చాలని రాయించీ రాయించీ ఊళ్లో గోడలు నిండాయి గాని, చదివిన నాథుడు లేడు. ఉపన్యాసాలు పెడితే కుర్చీలు తప్ప ఎవరూ కూర్చోలేదు. అందుకని ఆఫీసరు విమలాదేవి బొమ్మలాట పెట్టిద్దామంది. అయ్య బొమ్మకు మీసాలు ఉండాలా వద్దా అని రెండు మీటింగులు జరిగాయి. ఉండాలని తేలింది. ఆదివారం సాయంత్రం సంతోష్‌నగర్ మైదానంలో ఆట, చూడ్డానికి పై అధికారి వస్తున్నాడు.

"ఆట బాగా జరిగితే కుట్టు కేంద్రంలో టీచర్ పోస్టుకు నీ పేరే పంపిస్తాను ఆండాలూ" అని విమలాదేవి మాటిచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ గల్లీలో అందరికీ స్వెటర్లు అల్లిపెడుతున్న ఆండాలును ఎవరూ అంతవరకు టీచర్ అనలేదు. ఆ మాట చెవిన పడ్డాక ఆమె అల్లిక సూదులు కింద పెడితే ఒట్టు.

ఆండాలు గడప దాటిందో లేదో, బాలకిషన్ చాయ్ గ్లాసు పట్టుకుని బొమ్మల దగ్గరికి వచ్చాడు. తమ ఇంట్లో తయారైన అయ్యగారిని కాస్త దగ్గరగా చూద్దామని వంగాడు. చాయ్ తిన్నగా అయ్యగారి నెత్తిన పడింది.

భార్య వచ్చేలోపల మరక పోగొట్టాలని అతని ఆరాటం. ఒక్క బొమ్మను ఉతికితే రంగు తేడా కనిపెడుతుందేమోనని, మంచి తెలివి ఉపయోగించి రెండింటినీ కలిపి గంజులో వేశాడు. స్టవ్వు మీద నీళ్లు మరగనిచ్చి, సబ్బు గీకి వేసి, కట్టెతో కలిపి, రాయి మీద పెట్టి దంచినంత పని చేసి, చివరకు చన్నీళ్లలో ముంచి తీశాడు. మరక పోయింది. దానితోపాటు అయ్యగారు ముప్పాతిక భాగం పోయాడు.

ఆండాలు తిరిగొచ్చేసరికి బాలకిషన్ ఒక బొమ్మ కాళ్లు తలుపు సందులో ఇరికించి, తల పట్టుకుని లాగుతున్నాడు.

"ఏందయ్యా గది?"

"ఏం లేదే. జర పొడుగు చేస్తున్న."

ఆండాలు బొమ్మను చేతిలోకి తీసుకుంది. జానెడున్నర బొమ్మ బెత్తెడైంది. అల్లిక జాడే లేదు. ఊలంతా గొంగడిలా బిర్రుగా పట్టేసింది. మీసాలు మాత్రం ఏం తగ్గలేదు.

"వేడినీళ్లల్ల ఉడకబెట్టినవా? ఊలును?"

"సాఫ్‌గ ఉంటే మేడం ఖుష్ అయితదనుకున్న..."

"మేడం ఖుష్ అయితది. నా పోస్టు ఉడికిపాయె."

తిట్టడానికి కూడా తీరిక లేదు. ఆండాలు ఏడుస్తూనే ఊలు ఉండ విప్పింది. శనివారమంతా అన్నం వండే పని బాలకిషన్ మీద పడేసి, ఆదివారం మధ్యాహ్నానికి కొత్త అయ్యను, కొత్త అమ్మను తయారుచేసి నలుగురినీ సంచిలో పెట్టింది. పొట్టి బొమ్మలు రెండూ గూట్లోనే ఉండిపోయాయి.

అవి అత్త బుచ్చమ్మ కంట పడ్డాయి. బుచ్చమ్మకు చూపు ఆనదు, కొడుకు ఆఫీసు చెప్పే నీతి అంతకన్నా ఆనదు. ఆమెకు బతికున్న పిల్లలే ఏడుగురు. "అయ్యో, చిన్న పిల్లలను ఇంట్ల ఇడిచిపెట్టి పోతున్నరు! ఏం మనుషులో ఏమో" అనుకుని, ఇద్దరి నెత్తికీ గుడ్డపీలికలతో టోపీలు కట్టి, ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టేసింది. తానూ తయారై వాళ్ల వెంట బయలుదేరింది.

మైదానంలో నాలుగు వెదురు గుంజలకు పరదా కట్టారు. పరదా పై అంచున ఒక మూల అట్టతో చేసిన బడి ఉంది. పరదా వెనక ఆండాలు, బాలకిషన్ కింద కూర్చున్నారు. ఆండాలు చేతులకు అయ్య, అమ్మ. బాలకిషన్ చేతులకు బాబు, పాప. విమలాదేవి మైకు పట్టుకుంది. పై అధికారి ముందు వరుస కుర్చీలో కూర్చుని, పూలదండ వేయించుకుని, కళ్లు మూసుకున్నాడు.

"ఇది చిన్న కుటుంబం. బాబు, పాప బడికి వెళ్తున్నారు" అంది విమలాదేవి.

బాలకిషన్ బాబును, పాపను నడిపించుకుంటూ తీసుకుపోయి అట్టబడి కిటికీకి తగిలించాడు. అంతవరకు అంతా సవ్యంగానే జరిగింది.

"సాయంత్రమైంది. పిల్లలు ఇంటికి వస్తున్నారు."

పిల్లలు బడి కిటికీకి వేలాడుతున్న సంగతి బాలకిషన్ మరిచిపోయాడు. అలవాటు చొప్పున రెండు చేతులూ సంచిలో పెట్టి, దొరికిన వాటిని దొరికినట్టు వేళ్లకు ఎక్కించి, పరదా మీదికి లేపాడు.

జనం వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"అరె భాయ్! పొద్దుగాల బడికి పోయిన పోరడు మీసాలతోని వచ్చిండు!"

"ఇద్దరు ఇంటికొచ్చిన్రు, ఇంకిద్దరు బడిలనే ఉన్నరు. లెక్కకు నలుగురు!"

నవ్వులు మొదలయ్యాయి. బాలకిషన్ తలెత్తి చూసి, బొమ్మలను కిందికి గుంజుకోబోయాడు. బిర్రుబిగిసిన ఊలు వేళ్లకు పట్టేసింది, ఊడి రాదు. అతను లాగినకొద్దీ పరదా మీద ఆ ఇద్దరూ చిందులు తొక్కుతున్నారు.

విమలాదేవి మైకులో తడబడింది. "వీళ్లు... వీళ్లు పక్కింటి పిల్లలు."

ముందు వరుస దగ్గర కింద కూర్చున్న బుచ్చమ్మ దిగ్గున లేచింది. "పక్కింటోళ్లెందుకైతరు? మా ఆండాలు పిల్లలే! నేనే టోపీలు కట్టి తోలిచ్చిన!"

జనంలో ఆడవాళ్లు ఎగబడి చూశారు. అల్లిక బొమ్మలైన బాబు, పాప కిటికీకి వడలిన వంకాయల్లా వేలాడుతున్నారు. ఉడికిన ఊలు బొమ్మలు గుండ్రంగా, గట్టిగా, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"చూడు వదినె, ముందుగాల పుట్టినోళ్లు ఎండిపోయిన్రు. ఎనక పుట్టినోళ్లే మస్తు బొద్దుగున్నరు!"

ఆఫీసు ఏళ్ల తరబడి పడ్డ కష్టం ఆ ఒక్క మాటతో మట్టిపాలైంది. పరదా వెనక ఆండాలు కళ్లు గట్టిగా మూసుకుంది. కుట్టు కేంద్రం, టీచర్ పోస్టు కళ్ల ముందు నుంచి దాటిపోయాయి. ఇక పోయేదేమీ లేదనిపించాక ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. అమ్మ బొమ్మను మీసాల పిల్లాడి మీదికి ఉరికించింది.

"ఎవడ్రా నువ్వు? మీసాలేంది? నా కొడుకువేనా?"

బాలకిషన్‌కు వేరే దారి దొరకలేదు. "నీ కొడుకునే అమ్మా! నలుగురిట్ల నన్ను ఎప్పుడన్న చూసినవా? ఎవ్వరు చూడకుంటనే మీసాలు మొలిచినయి!"

"అయ్యో! నలుగురిని కంటే గిట్లనే ఉంటది అక్కలారా! ఎవడు తిన్నడో, ఎవడు పన్నడో, ఎవడు పెద్దగైండో కన్నతల్లికే తెల్వది!"

మైదానం ఈలలతో, చప్పట్లతో ఊగిపోయింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా బస్సు వదిలేసి వచ్చారు. ఆ గోలకు పై అధికారి కళ్లు తెరిచాడు. ఆయన కొలువులో అంత జనాన్ని ఏ సభలోనూ చూడలేదు.

"ఈ ఆలోచన ఎవరిది?" అని అడిగాడు.

విమలాదేవి ఒక్క క్షణం ఆండాలు ఉన్న పరదా వైపు చూసి, మైకు సర్దుకుని, "నాదే సార్" అంది.

ఆమెకు పదోన్నతి వచ్చింది. అయితే బొమ్మలను అట్లా బిగించే విద్య ఆమెకు తెలియదు గనక, ఆండాలును కుట్టు కేంద్రంలో టీచర్‌గా వేయక తప్పలేదు. బాలకిషన్ వేళ్లను మాత్రం రెండో రోజుకు కత్తెరతో విడిపించారు.

నెల తిరక్కుండా అన్ని బస్తీలకూ ఇవే బొమ్మలు చేసి పంపాలని పై నుంచి ఆర్డరు దిగింది. అందులో కుటుంబ నియంత్రణ శాఖవారు ఒకే ఒక్క షరతు పెట్టారు: ఏ సెట్టులోనూ పిల్లలు నలుగురికి తగ్గరాదు.