గడువు పెంచిన మందు

ఒక పెద్ద అడవిలో అందరూ సింహం కంటే దోమకే ఎక్కువ భయపడేవారు. సింహం రోజుకొకరిని తింటుంది. దోమ ఇంటిల్లిపాదినీ మంచం పట్టిస్తుంది.

అందుకని సభ తీర్మానం చేసి, పొరుగు అడవి నుంచి యాభై కుండల మందు తెప్పించింది. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులుంటాయి. మడుగులో పోస్తే నీళ్లలో ఈదే దోమపిల్లలు వాటిని తిని చస్తాయి. జింక తాగినా, చేప మింగినా ఏమీ కాదు. ఒక్కటే పేచీ. అది ప్రాణమున్న మందు. చల్లగా ఉంచితే ఏడాది బతుకుతుంది, ఎండలో పెడితే నెలకే పోతుంది.

స్టోరుకీపరు పొలుసయ్య అనే అలుగు. ఒళ్లంతా గట్టి పొలుసులు, లోపలంతా పిరికితనం. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఉండలా చుట్టుకుపోయేవాడు. మందు విషయంలో మాత్రం ఎక్కడలేని శ్రద్ధ. అతని కూతురు చిట్టికి పోయిన వానాకాలం జ్వరమొచ్చి చావు తప్పింది. ఇంకోసారి వస్తే పిల్ల తట్టుకోలేదని కొంగ వైద్యుడు చెప్పేశాడు.

మందు కోసమని గుట్టలో చల్లటి గుహ ఒకటి తవ్వించారు. కుండలు వచ్చేసరికి అందులో డైరెక్టరు ఎలుగుబంటి పడుకుని ఉన్నాడు.

"అయ్యా, ఇది మందు పెట్టడానికి..." అన్నాడు పొలుసయ్య.

"మందుని చూసుకునే నేనెక్కడ కూర్చోవాలయ్యా? నా బుర్ర వేడెక్కితే శాఖ నడుస్తుందా?"

"ఎండకి మందు చచ్చిపోతుందండీ."

"చావడమేమిటి! ఏడాది అని కుండ మీదే రాసుందిగా!" అని అరిచాడు ఎలుగుబంటి.

పొలుసయ్య ఉండ చుట్టుకున్నాడు. కుండలు బయట ఎండలో బండ మీదికెక్కాయి.

మందు చల్లడం సింహంగారి చేతుల మీదుగా ప్రారంభం కావాలి. సింహంగారికి నెలల తరబడి తీరిక దొరకలేదు. ఎండాకాలమంతా కుండలు బండ మీదే మాడాయి. తొలకరి నాటికి కుండ మీద రాసిన ఏడాది గడువులో పదిరోజులే మిగిలాయి.

పొలుసయ్య ఉండబట్టలేక ఒక చిప్పలో నీళ్లు పోసి, దోమపిల్లల్ని వేసి, మందు కలిపి చూశాడు. మందు బతికుంటే మర్నాటికి అవన్నీ చచ్చి తేలాలి. మర్నాడు అవి హాయిగా ఈదుతున్నాయి. నాలుగో రోజుకి రెక్కలొచ్చి, పరీక్ష చేసినవాడి ముక్కు మీదే కుట్టి పోయాయి.

"పారబోసి కొత్తది తెప్పిద్దామండీ," అన్నాడు డైరెక్టరుతో.

"పారబోస్తే ఎవరు పాడుచేశారని అడుగుతారు. స్టోరు ఎవరిది? నీదే కదా! అంతకంటే గడువు రెండేళ్లు పెంచేద్దాం. నిపుణుల కమిటీ వేస్తున్నా."

కమిటీ అంటే తొండ. ఏమడిగినా తల ఆడించడమే ఆయన చదువు.

"మందు బాగానే ఉంది కదా?" తొండ తల ఊపాడు.

"గడువు పెంచొచ్చు కదా?" మళ్లీ ఊపాడు.

"ఏకగ్రీవం," అని రాసుకున్నాడు ఎలుగుబంటి. కింద 'సరుకు ప్రాణంతో ఉన్నది' అన్నచోట పొలుసయ్య సంతకం కావాలి. ఉద్యోగం గుర్తొచ్చి పెట్టేశాడు. ఆ పూట సిగ్గుతో అతనికి చీమలు కూడా మింగుడు పడలేదు.

సింహంగారు వచ్చి ఒక కుండ మడుగులో పోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మిగతావి పొదుపు పేరుతో దాచారు.

నెల తిరక్కుండా అడవంతా దోమలే. పగలు తలదాచుకోవడానికి వాటికి చల్లగా, చీకటిగా ఉండే చోటు కావాలి. అలాంటి చోటు అడవిలో ఒక్కటే ఉంది. వారం తిరిగేసరికి డైరెక్టరు దుప్పటి కప్పుకుని, వణుకుతూ గుహలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"గుహ మందుకే చెందాలి!" అని వెంటనే ఆర్డరు వేశాడు. చచ్చిన మందుకి చల్లటి చోటు దొరికింది. గుహ నిండిపోయింది.

జ్వరాలు పెరిగాయని సింహంగారు కొత్త మందు పంపారు, మళ్లీ యాభై కుండలు. పక్క బొరియలో పిల్లలు ముగ్గురూ మంచాన పడ్డారు. చిట్టి ఇంకా బాగానే ఉంది. పొలుసయ్య జన్మలో మొదటిసారి గొంతు పెంచాడు.

"లోపలివి చచ్చినవండీ! ఈ కొత్తది ఇవాళే చల్లించండి. లేకపోతే నా బిడ్డ దక్కదు!"

ఎలుగుబంటి నెమ్మదిగా కాగితం తీశాడు. "బతికుందని సంతకం పెట్టింది నువ్వే కదయ్యా? పాతది అయిపోయాకే కొత్తది. దానికింకా రెండేళ్లు గడువుంది."

పొలుసయ్య కొత్త కుండల్ని తన చేతులతోనే మోసి బండ మీద పెట్టాడు. చివరి కుండ దించుతుండగా భార్య పరుగున వచ్చింది.

"చిట్టికి ఒళ్లు వెచ్చబడిందయ్యా," అంది.

నీతి: చచ్చినదానికి ఆయుష్షు రాసిచ్చినవాడు, బతికున్నదాన్ని ఎండలో పెట్టక తప్పదు.