తలుపు తట్టిన కురుపు

గడ్డం గీసుకోవాలి, ఉప్మా తినాలి, పది గంటలకు హాలుకు వెళ్ళి కాలనీ సంఘానికి రెండోసారి అధ్యక్షుడు కావాలి. ఆ ఆదివారం జగదీశ్ వేసుకున్న పథకం ఇంతే. తెల్లవారుజామున అద్దం ముందు నిలబడేసరికి ఆ పథకం కుడి కంటి దగ్గర ఆగిపోయింది. రెప్ప మీద శనగగింజంత కురుపు. శివరాత్రికి ఒకటి వచ్చి పోయింది. ఉగాదికి ఇంకొకటి. ఇది మూడోది.

"వీధి చివర్న సబ్రీన్ డాక్టరమ్మ ఉంది గదా. కండ్ల డాక్టర్‌ను పక్కల పెట్టుకొని కురుపుకు లవంగాలు అరగదీసి పెట్టుడేంది?" అంది భార్య నవత.

"పోతే సూదితోని పొడుస్తది. కంటికి పట్టీ కట్టుకొని ఓట్లడగాల్నా?"

తల్లి సుగుణమ్మ కొడుకు గడ్డం పట్టుకుని కన్ను చూసింది. "మా తల్లిగారింట్ల దీనికొక ఉపాయముండె. మొఖం కడగకముందే పోయి ఇంకొకరి తలుపు కొట్టాలె. లోపల్నుంచి 'ఎవరు' అంటరు. పలుకొద్దు. ఎనక్కి సూడకుంట వచ్చెయ్యాలె. 'ఎవరు' అన్నోళ్ళ ఇంట్లనే కురుపు ఉండిపోతది."

"ఎవరింటికి పోవాలె?"

"మూడోసారి వచ్చింది బిడ్డా. ఒక్క ఇల్లు సాలది."

జగదీశ్ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. వీధిలో కెమెరాలు పెట్టించింది తానే కాబట్టి మంకీ టోపీ, నల్లద్దాలు తగిలించుకుని బయలుదేరాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి తలుపూ కొట్టాడు. ప్రతి ఇంట్లోంచీ "ఎవరూ?" అని వినిపించింది. ఎన్నికలో పోటీకి నిలబడ్డ విష్ణువర్ధన్ తలుపును మాత్రం ప్రత్యేకంగా గట్టిగా బాదాడు. ఎంత బాదినా లోపలి నుంచి జవాబు రాలేదు. ఆ ఒక్కటే లోటు.

ఇంటికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఎదురింటి కమలమ్మ.

"జగదీశూ, ఎవడో తలుపు కొట్టి పోయిండు. పిలిస్తె పలుకలే. గుండె దడదడలాడుతున్నది బిడ్డా."

కాలనీ వాట్సాప్ గ్రూపు అప్పటికే ఉడుకుతోంది. వచ్చింది ముగ్గురన్నారు. హైవే మీంచి చిరాగ్‌పల్లి దిక్కు కారులో పారిపోయారన్నారు. ఒకాయన కత్తి కూడా చూశాడు. అధ్యక్షుడు ఏదో ఒకటి అనాలి కాబట్టి జగదీశ్ రాశాడు: "ఫికర్ చేయకుండ్రి. దొంగ ఎవడైనా నా కెమెరాల నుంచి తప్పించుకోలేడు." పంపాక గానీ తానేం రాశాడో అతనికి తెలియలేదు.

పదింటికి హాలు నిండిపోయింది. కొందరు కట్టెలతో వచ్చారు.

"నల్లద్దాలెందుకన్నా?" అన్నాడు విష్ణువర్ధన్.

"ఎండ."

"హాల్లనా?"

జవాబు చెప్పే లోపే ఎవరో కెమెరాను టీవీకి కలిపేశారు.

"వైరు సరిగ లేదు, బొమ్మ కనపడది," అన్నాడు జగదీశ్.

"మీసం వెంట్రుకలు సుత లెక్కపెట్టొచ్చని నువ్వే అన్నవ్ గదా," అంది కమలమ్మ.

బొమ్మ అద్దంలా కనపడింది. మంకీ టోపీ మనిషి తలుపు కొట్టాడు, నల్లద్దాలు ఎత్తి కంటిని వేలితో తడుముకున్నాడు, కదిలాడు. ఇంకో తలుపు, ఇంకోసారి తడుముడు.

"ఎస్సై సాబ్‌కు ఫోన్ కొడ్త," అని విష్ణువర్ధన్ జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగండి భాయ్‌సాబ్," అంది సబ్రీన్ డాక్టరమ్మ. "ఇతనికి రెప్ప మీద కురుపుంది. ఊకె ముట్టుకుంటున్నడు. గిట్ల ముట్టుకునేటోళ్ళకే మళ్ళ మళ్ళ వస్తది."

హాలంతా పక్కవాడి కండ్లలోకి చూడటం మొదలుపెట్టింది. చివరికి చూపులన్నీ వేదిక మీదికి చేరాయి. అధ్యక్షుడి వేలు నల్లద్దాల కింద ఉంది.

సుగుణమ్మ లేచింది. "నా కొడుకు దొంగ గాదు. మీ ఇండ్లల్ల కురుపు ఇడిసి రానీకె పోయిండు," అని తల్లిగారింటి ఉపాయం మొత్తం చెప్పింది.

దొంగకు భయపడని హాలు అప్పుడు భయపడింది. "అయ్యో, 'ఎవరు' అని నేను సుత అన్న," అని కమలమ్మ కన్ను పట్టుకుంది. అందరి చేతులూ కండ్ల మీదికే వెళ్ళాయి.

"చేతులు దించండి," అంది డాక్టరమ్మ. "కురుపు తలుపుల్లోంచి రాదు, చేతుల్లోంచి వస్తది. జగదీశ్ భాయ్, రోజూ గోరువెచ్చని గుడ్డతోని కాపడం పెట్టండి, రెప్పల అంచులు శుభ్రం చేసుకోండి, వేలు పెట్టకండి. షుగర్ పరీక్ష చేయించి దవాఖానకు రండి. సూది సంగతి అప్పుడు చూద్దాం."

ఆ మాటలు విన్నది జగదీశ్ ఒక్కడే. మిగతావాళ్ళు ఆ ఉదయం 'ఎవరు' అనని ఇల్లు ఏదని వెతుకుతున్నారు.

"నాకు తలుపు సప్పుడే ఇనపడలే," అన్నాడు విష్ణువర్ధన్. "మస్తు నిద్ర పట్టింది."

కురుపు సోకని ఇల్లు అదొక్కటే. ఓట్లన్నీ అతనికే పడ్డాయి.

కాపడంతో జగదీశ్ కురుపు కరిగిపోయింది. వేలు పెట్టడం మానాక, మళ్ళీ రాలేదు. అది తన తలుపుల మహిమేనని సుగుణమ్మ ఇప్పటికీ అంటుంది. కాలనీ కాపలా బాధ్యత మాత్రం తలుపు బద్దలుకొట్టినా లేవని మనిషి చేతికి భద్రంగా చేరింది.