ఉమ్మడి కుటుంబం, ఏడు ఏసీలు

"ఇయ్యాల్టి సంది నా కార్బన్ ఫుట్‌ప్రింట్‌ను చీమ కాలంత చేస్త. భూమాత సాక్షి" అని జిల్లా హరిత జీవన సమితి అధ్యక్షులు ఉరుకుందప్ప గారు ప్రకటించిన రోజున రాయచూరులో ఎండ నలభై ఐదు డిగ్రీలు దాటింది. వేదిక మీద నాలుగు పెద్ద కూలర్లు, వాటి వెనక డీజిల్ జనరేటర్. ఆ మోతలో భూమాతకు వినపడిందో లేదో తెలియదు గానీ మొదటి వరసలో ఉన్న నాకు వినపడింది. కళ్లు చెమర్చాయి. పొగ కూడా కొంత కారణం కావచ్చు.

నేను ఆయన ఎదురింటివాణ్ణి. ఆయన ఇంట్లోని ఏడు ఏసీల వెనక డబ్బాలు మా వాకిలి వైపే తిరిగి ఉంటాయి. ఆ వేడిగాలికి మా అమ్మ పొద్దుగూకాక కూడా వడియాలు ఎండబెట్టుకుంటుంది. ఇంత ఉపకారం చేసే పొరుగువాడు అందరికీ దొరకడు. కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే మనం వాడే కరెంటు, డీజిలు, గ్యాసు కలిసి గాల్లోకి ఎంత పొగ వదులుతున్నాయో చెప్పే లెక్క అని నాకు నేర్పింది కూడా ఆయనే. కారు ఇంజను ఆపకుండా, రోడ్డు మధ్యలో, పావుగంట సేపు ఓపిగ్గా చెప్పారు.

ప్రకటన చేసిన మర్నాటి నుంచి ఆయన ఆఫీసుకు సైకిల్ మీద బయల్దేరారు. వెనక ఆయన ఐదు కార్లూ నడిచాయి. నాయకుడు ఒంటరిగా పోతే బాగుండదు కదా.

"సైకిల్ ఎనక ఫస్ట్ గేర్ల పోవాలంటే బండి డబల్ డీజిల్ తాగుతుందన్నా" అని డ్రైవర్ అంబరీష్ నా దగ్గర వాపోయాడు. డ్రైవర్లకు పర్యావరణం అర్థం కాదు.

వారం తిరక్కుండానే సమితి ఆఫీసరు గురురాజ్ ట్యాబ్ పట్టుకొని వచ్చాడు. రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ పొగ వదిలే కుటుంబానికి అవార్డు ఇస్తున్నారట. అధ్యక్షుల ఇల్లే మొదట కొలవాలట. ఆ సమయానికి నేను వాళ్ల వరండాలో చాయ్ తాగుతున్నాను.

"సార్, మీ ఇల్లు ఎర్ర రంగు చూపిస్తుంది" అన్నాడు గురురాజ్.

"ఎంత ఎర్ర?"

"ఇంతకంటే ఎర్ర ఈ యాప్‌ల లేదు సార్."

ఏదో ఒకటి తగ్గించక తప్పదని తేలింది. మూడు ఫ్రిజ్‌లలో ఒకటి తీసేద్దామంటే, భార్య పంపమ్మ గారు ఒప్పుకోలేదు. "ఒకటి పాలకు, ఒకటి పండ్లకు, ఒకటి నీ మెడల పడే దండలకు. ఏది తీద్దామో నువ్వే చెప్పు" అన్నారు. ఆయన తన దండల వైపు చూసుకొని ఫ్రిజ్ తలుపు మూశారు. కూతురు స్ఫూర్తి తన గది ఏసీ బంద్ చేస్తే కుక్కకు జ్వరం వస్తదని, అది మంచు దేశపు కుక్కని చెప్పింది.

గురురాజ్ గొంతు తగ్గించాడు. "ఒక దారుంది సార్. యాప్ ఇంటి లెక్కను ఇంట్ల మనుషులతోని భాగిస్తది. మీరు ముగ్గురే ఉన్నరు."

ఉరుకుందప్ప గారు వేళ్లు లెక్కపెట్టుకున్నారు. "అంటే కరెంటు తగ్గిచ్చుడు గాదు మన పని. మనుషుల్ని పెంచుడు."

"బరాబర్ సార్."

ఇలాంటి ఆలోచన ఏ శాస్త్రవేత్తకూ వచ్చి ఉండదు. వచ్చినా సిగ్గుపడి ఊరుకొని ఉంటాడు.

యాపలదిన్నిలో ఆయన పొలం పనికి వచ్చే కూలీలందరినీ ఇంటి మనుషులుగా చేర్చారు. చివరగా మా వెనక గల్లీ సుంకవ్వను వరండాకు పిలిపించారు. ముసలామె, వెనకాముందూ ఎవరూ లేరు. ఒంటి గది, ఒక బల్బు, నెత్తిన అమ్ముకునే పుంటికూర గంప.

"గ్యాస్ వాడతవా అవ్వా?" అని అడిగాడు గురురాజ్.

"సిలిండర్ ఉంది నాయినా. దాని మీద గంప పెడత."

"బస్సెక్కుతవా?"

"నన్ను ఎక్కనిస్తరు. గంపను ఎక్కనియ్యరు."

"ఫ్యాను?"

"కొంగుంది గద."

గురురాజ్ ట్యాబ్‌ను గుండెకు హత్తుకున్నాడు. "సార్, బంగారం" అన్నాడు.

"గిదంతా ఎందుకు బిడ్డా?" అంది సుంకవ్వ.

"ఇయ్యాల్టి సంది నువ్వు మా ఇంటి మనిషివి" అన్నారు ఉరుకుందప్ప గారు.

సుంకవ్వ గంప దించి కళ్లు తుడుచుకుంది. తనను ఇంటి మనిషి అన్నవాళ్లు పోయి చాలా ఏళ్లయిందంది. గంపలో మిగిలిన పుంటికూరంతా పంపమ్మ గారి చేతిలో పెట్టి, పైసలు వద్దని వెళ్లిపోయింది.

"పేర్లు ఎక్కాలన్నా దిగాలన్నా యజమాని ఏలిముద్ర పడాలె మేడం" అని గురురాజ్ ట్యాబ్‌ను పంపమ్మ గారి ముందు పెట్టాడు. "ఇది రేషన్ కార్డుకు కలిపిన యాప్. అందుకే ఇంట్ల అందరికంటె పెద్ద ఆడమనిషే యజమాని."

"ఇంతమంది నాకు ఏమైతరు?"

"ఆడబిడ్డలు" అన్నారు ఉరుకుందప్ప గారు.

ఆమె నల్లిని నలిపినట్టు వేలు నొక్కారు. ఎరుపు పసుపైంది, పసుపు ఆకుపచ్చైంది. ఇంట్లో ఏడు ఏసీలు చల్లగా నడుస్తూనే ఉన్నాయి. పేపర్లో 'ఆదర్శ ఉమ్మడి కుటుంబం' అని సైకిల్ ఫోటోతో వార్త వచ్చింది.

నెల మొదట్లో నేను మా అమ్మ సంచి పట్టుకొని రేషన్ షాపు వరసలో నిలబడ్డాను. నా ముందు సుంకవ్వ ఉంది. షాపు నడిపే హనుమేశ్ మిషిన్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"నీకు బియ్యం రావు అవ్వా."

"ఏంది, ఎందుకు రావు?"

"మీ ఇంట్ల ఏడు ఏసీలున్నయంట."

తమాషా చేస్తున్నాడనుకొని సుంకవ్వ నవ్వింది. తర్వాత ఇంకో వేలు పెట్టింది. వరసగా పది వేళ్లూ పెట్టింది. మిషిన్‌ది ప్రతిసారీ ఒకటే మాట. ఆమె ఖాళీ సంచి మడిచి నేరుగా ఉరుకుందప్ప గారి గేటు దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

"సావుకారీ, నా పేరు తీసెయ్యి. నాకు బియ్యం రాలే."

"అవార్డు దాంక ఓపిక పట్టు సుంకవ్వా. ఉమ్మడి కుటుంబం గిప్పుడే ఇడిపోతె జిల్లాకే నామోషి" అన్నారాయన సైకిల్ దిగుతూ.

"అందాంక ఏం తినాలె? ఇంటి మనిషినంటివి గద. ఒక ముద్ద పెట్టు."

"ఇల్లు ఒకటే గని వంటలు వేరు."

పక్కనే ఉన్న గురురాజ్ ట్యాబ్ చూసి పొంగిపోయాడు. "సార్, అవ్వ పొయ్యి ముట్టిస్తలేదు గద. మన లెక్క ఇంకా దిగింది."

ఉరుకుందప్ప గారు ఆమెకు చేతులు జోడించారు. "నీ త్యాగం ఊరికే పోదు" అన్నారు. నాకూ మొక్కాలనిపించింది. ఎవరికి మొక్కాలో తేల్చుకునేలోపే గేటు వేశారు. ఆ సాయంత్రం మా అమ్మ సుంకవ్వ సంచిలో రెండు గిన్నెల బియ్యం పోసి, నా వైపు ఒక చూపు చూసింది. ఆయన్ని ఇంకా గారూ గారూ అంటావా అన్నట్టుంది ఆ చూపు.

అవార్డు సభ ఏసీ హాల్లో పెట్టారు. ఇంటి మనుషులందరినీ ట్రాక్టర్లలో తోలుకొచ్చి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. బెంగళూరు నుంచి కమిటీ పెద్ద రశ్మి మేడం వచ్చారు. ఈ కుటుంబాన్ని చూసి రాష్ట్రం నేర్చుకోవాలని మాట్లాడి, అవార్డును కుటుంబ యజమాని అందుకోవాలని పిలిచారు. ఉరుకుందప్ప గారు శాలువా సర్దుకొని లేవబోయారు.

"శ్రీమతి సుంకవ్వ గారు" అన్నారు మేడం.

ఆయన సగం లేచి అలాగే ఉండిపోయారు. "పేర్లెక్కినంక అవ్వనే అందరికంటె పెద్దదైంది సార్" అని గురురాజ్ చెవిలో గొణిగాడు.

సుంకవ్వ మెల్లగా వేదిక ఎక్కింది. శాలువా వైపు చూడలేదు.

"ఇదొద్దు తల్లీ. నాకు రేషన్ బియ్యం కావాలె. ఏం చేస్తే వస్తయి?"

మేడం ట్యాబ్ చూశారు. "ఏసీలున్న మనిషి మీ కుటుంబంలో ఉన్నంతకాలం రావమ్మా."

"ఆ ఏసీలు ఎవరియి?"

హాలంతా ఒకవైపే తల తిప్పింది.

"అయితే ఆయన పేరు తీసెయ్యి" అని సుంకవ్వ ట్యాబ్ మీద వేలు పెట్టింది.

ఆకుపచ్చ రంగు ఇంకా చిక్కబడింది. ఇంత తక్కువ ఎక్కడా నమోదు కాలేదని మేడం ప్రకటించారు. వెనక వరసలు చప్పట్లు కొట్టాయి. మీ పేరూ తీయాలా అని గురురాజ్ పంపమ్మ గారిని అడిగాడు. "ఏసీలన్ని ఆయన పేరు మీదనే ఉన్నయి. నన్నెందుకు అడుగుతవు?" అన్నారామె, యజమానురాలి పక్కన ఫోటోకు నిలబడుతూ.

సుంకవ్వకు బియ్యం వచ్చాయి. హనుమేశ్ పాత నెలవి కూడా కలిపి పోశాడు.

మర్నాడు ఉరుకుందప్ప గారు సైకిల్ మీద మా గుమ్మం ముందు దిగారు. వెనక ఒక్క కారు లేదు. ఇప్పుడు ఆయన లెక్కలో ఒక్క మనిషి, ఏడు ఏసీలు. ఆయన కోసమే యాప్‌లో నల్ల రంగు కొత్తగా పెట్టాల్సి వచ్చిందట.

"మీ ఇంట్ల ఎంతమందున్నరు తమ్మీ?"

"నేనూ మా అమ్మా."

"ఇంకొక్కరికి జాగ ఉంటదా?"

యజమానిని అడగాలన్నాను. లోపల అమ్మ రేషన్ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, అక్కడి నుంచే అడిగింది, "ఆయనకు ఏసీలెన్ని?"