నొప్పికి ఇద్దరు సాక్షులు

ఒక ఆడమనిషికి నొప్పి ఉందా లేదా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోదగ్గ చిన్న విషయం కాదు. యంత్రాంగం మొత్తం పూనుకుంటే తప్ప తేలదు. మా చెల్లెలు శివజ్యోతికి నొప్పి ఉందని రుజువు కావడానికి ముందుగా చేయవలసిన పనులు ఇవి:

ఆధార్ కార్డు జిరాక్సు, రెండు కాపీలు.

అందులో చిరునామా అత్తగారింటికి మార్పించడం (మారేదాకా నొప్పి పుట్టింట్లోనే ఉన్నట్టు లెక్క).

ఓటీపీ కోసం భర్త సెల్ నంబరు. ఓటీపీ వచ్చే వేళకు ఫ్యాక్టరీలో మిషన్ ఆపి ఫోన్ చూడమని ఆయనను బతిమాలుకోవడం.

వెంట ఇంటి పెద్ద ఒకరు.

లైనులో మన వెనుక నిలబడిన పదిమందికీ వినబడేలా సమస్య చెప్పడం.

"రోగులు సిగ్గుపడరాదు" అని గోడ మీద రాసినది చదువుకోవడం.

శివజ్యోతి మా పిన్నమ్మ కూతురు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే వీరభద్రకు ఇచ్చి రెండేళ్లయింది. మా రెండిళ్లలో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని నేనే. కాబట్టి రేషన్ కార్డు మొదలు మరణ ధ్రువపత్రం దాకా ఏ ఫారమైనా నా చేతికే వస్తుంది. ఆ రోజు శివజ్యోతి కూడా నింపవలసిన ఫారం లాగే వచ్చి నా ముందు కూర్చుంది.

"అక్కా, మేమిద్దరం కలిసినప్పుడంతా నొప్పి. కొత్తలో ఉంటాదిలే అన్యారు. రెండేండ్లాయ. గాజు పెంకుతో గీసినట్ల ఉంటాది. పొద్దు గూకుతాందంటేనే భయం."

"మీ అత్తకు చెప్పినావా?"

"చెప్పినా. 'మేమంతా పడలేదామే?' అన్నె."

"వీరభద్రకు?"

"ఆయప్పకు ఎట్ల చెప్పేదక్కా? తనంటే నాకు ఇష్టం లేదనుకుంటాడు."

(ముందువాళ్లు పడ్డారు కాబట్టి తర్వాతివాళ్లూ పడవలెను అనే ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఇంతవరకు ఎవరూ దాన్ని ఉల్లంఘించలేకపోయారు.)

అత్త హులిగెమ్మ కోసిగి పక్క నుంచి రాళ్ల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఇంటి పెద్ద హోదాలో మా వెంట ఆసుపత్రికి వచ్చింది.

అక్కడ నాకొక ఫారం ఇచ్చారు. అందులో "సమస్య" అని ఒక గీత ఉంది. నేను జువాలజీతో బీయస్సీ చదివాను. పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు మా లెక్చరర్ "ఇది మీరే చదువుకోండమ్మా" అని పేజీలు తిప్పేశాడు. మేమే చదువుకున్నాం, మంచి మార్కులే వచ్చాయి. అంత జ్ఞానంతో పెన్ను తీసి, పక్కనున్న మగాయన చూస్తున్నాడేమోనని చెయ్యి అడ్డం పెట్టి, "కడుపునొప్పి" అని రాశాను.

కౌంటరులో కంప్యూటర్ ముందున్నది రాజశేఖర్ అనే ఉద్యోగి.

"కడుపునొప్పంటే ఏది మేడం? తొమ్మిది రకాలుండాయి."

తెర మా వైపు తిప్పాడు. మొత్తం అరవై నాలుగు సమస్యలు. ఒక్క కుక్క కాటే మూడు రకాలుగా ఉంది: పెంపుడు కుక్క, వీధి కుక్క, కరిచి పారిపోయిన కుక్క. అంత శ్రద్ధగా చేసిన జాబితా చూశాక నాకు ధైర్యం వచ్చింది. "భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి" అన్నాను. వెనుక లైను మొత్తం ఒక అడుగు ముందుకు జరిగింది.

"అట్లాంటి ఆప్షన్ ల్యా మేడం."

"ఇతరములు అని ఉంది కదా?"

"అది నొక్కితే పండ్ల డాక్టరుకు పోతాది. ఆయప్పకు దినానికి ఇరవై మంది టార్గెట్ ఉండాది."

హులిగెమ్మ నన్ను పక్కకు జరిపింది. "ఏమప్పా, కోడలికి పిల్లల్లేరు, అది రాయి. ఆ మాటలన్నీ ఈడ ఎందుకు?"

"సంతానలేమి. ఉండాది!" అన్నాడు రాజశేఖర్. ఆ ఉదయం మొత్తంలో కంప్యూటర్ మా మాట ఒప్పుకున్నది అదే మొదటిసారి.

లోపల డాక్టరు చీటీ చూసింది. "ఎన్నేళ్లయింది?" అని అడిగింది. "రెండు" అంది హులిగెమ్మ. శివజ్యోతి చెప్పుకోవడానికి నోరు తెరిచింది. నోరు తెరిచింది కదా అని డాక్టరు నాలుక చూసింది. బలానికి మాత్రలు రాసి, ఒక అచ్చు కాగితం చేతికిచ్చింది. ముట్టయిన పన్నెండో రోజు నుంచి పద్దెనిమిదో రోజు దాకా దంపతులు ప్రతిరోజూ కలవవలెను, నాగా పెట్టరాదు.

అంటే ఏ నొప్పి తగ్గించమని పోయామో దాన్నే ఏడు రోజుల కోర్సుగా ఇచ్చారన్నమాట. (కోర్సు నడుస్తుండగా నొప్పి వస్తే ఏం చేయాలో కాగితంలో లేదు.) హులిగెమ్మ ఆ కాగితాన్ని వంటింట్లో క్యాలెండరు పక్కన మేకుకు తగిలించి, ఏడు తేదీలకూ ఎర్ర సున్నాలు చుట్టింది. పదమూడో రోజు శివజ్యోతి ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. నేను కూడా ఏమీ మాట్లాడలేకపోయాను.

మాట్లాడలేనివాళ్లు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అరవై నాలుగింటిలో ఈ నొప్పిని కూడా చేర్చమని పై ఆఫీసుకు పెట్టాను. మూడు వారాలకు "నొప్పుల వర్గీకరణ ఉపసంఘం" నుంచి జవాబు వచ్చింది. దాని కన్వీనరు బొజ్జన్న గారు తూనికలు, కొలతల శాఖలో చేసి వచ్చినాయన కాబట్టి నొప్పి విషయం ఆయనకే అప్పగించారట. జవాబు ఇది:

"తమరి అర్జీ పరిశీలించడమైనది. నొప్పులు కంటికి కనబడునవి, చెవికి వినబడునవి, నోటితో చెప్పుకొనునవి అని మూడు తరగతులు. తమరిది మూడవ తరగతి. ఇందుకు ఇద్దరు సాక్షులు అవసరం. నొప్పి కలిగిన సమయమున సాక్షులు ఆ స్థలమున ఉండి ఉండవలెను. బంధువులు చెల్లరు. సదరు నొప్పి వలన భర్తకు అసౌకర్యం కలిగి ఉండవచ్చును గనుక, బాధితునిగా ఆయన నిరభ్యంతర పత్రం జతపరచవలెను."

కాగితం పట్టుకొని ఆయన దగ్గరికే పోయాను.

"సార్, భార్యాభర్తల పడకగదికి సాక్షులు ఎట్ల వస్తారు?"

"రారు తల్లీ. అందుకే ఈ తరగతిలో ఇంతవరకూ ఒక్క కేసూ ల్యా. కేసు లేదంటే ఆ నొప్పే లేదనేగా లెక్క?" ఆయన సంతోషంగానే చెప్పాడు. చాయ్ కూడా తెప్పించాడు.

మాత్రలు అయిపోయాక రెండోసారి ఆసుపత్రికి పోయాం. వరండా చివరి గదిలో మహాదేవమ్మ అనే నర్సు ఉంది. ఆమె చీటీ పక్కన పెట్టి శివజ్యోతి ముఖం చూసింది. తర్వాత హులిగెమ్మ వైపు తిరిగి, "అవ్వా, నీకు బీపీ ఉన్నట్లుండాది, పక్క గదిలో చూపిచ్చుకో పో" అని పంపేసింది. తలుపు దగ్గరికేసి అడిగింది.

"ఎప్పుడమ్మా నొప్పి? మొదట్లోనేనా, లోపలికి పోయినాకనా? మంటనా, పోటా? ముట్టులో కూడా ఉంటాదా?"

రెండేళ్లలో ఎవరూ వేయని ప్రశ్నలు. శివజ్యోతి ముందు ఏడ్చింది, తర్వాత ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది: ముందు మంట, లోపల పోటు, ముట్టులో మరీ ఎక్కువ.

మహాదేవమ్మ వేళ్లు మడుస్తూ చెప్పింది. ఇన్ఫెక్షన్ ఉంటే మంట పుడుతుంది, దానికి మందుంది. తడి లేక ఒరుసుకుపోతే జెల్ ఉంది. భయానికి కండరాలు బిగుసుకుపోతాయి, వాటిని వదులు చేసే వ్యాయామాలున్నాయి. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగినా లోపల పోటు వస్తుంది, అది కర్నూలు పెద్దాసుపత్రిలో చూడాలి. "ఏదైనా కానీ, ఇది ఓర్చుకునే నొప్పి కాదు తల్లీ. ఎందుకొచ్చిందో కనుక్కోవాల్సిన నొప్పి."

తర్వాత బయట బండి మీద కూర్చున్న వీరభద్రను పిలిపించింది.

"ఏం పని చేస్తాండావు నాయనా?"

"పాలిష్ మిషన్ మ్మా."

"మిషన్ కింద ఎవరి చెయ్యన్నా పడి అరిస్తే ఏం చేస్తావు?"

"టక్కున ఆపేస్తా."

"అరవకుండా పండ్లు బిగబట్టుకుంటే?"

కొంచెం ఆలోచించాడు. "ముఖం చూస్తే తెలుస్తాది కదమ్మా."

"చూసినావా?"

వీరభద్ర తల దించుకొని కింద పరిచిన బండల వైపు చూశాడు. బేతంచెర్ల బండలే. ముఖం కనబడేంత నున్నగా ఉన్నాయి.

మహాదేవమ్మ చీటీ వెనుక పక్క పెన్నుతో రాసింది: "కలయికలో నొప్పి. రెండేళ్లుగా. నిజం. కర్నూలుకు పంపవలెను."

ఆ సాయంత్రం మేకుకు తగిలించిన కాగితాన్ని వీరభద్రే పీకేశాడు. "ఏమిరా, డాక్టరమ్మ చెప్పిన మాట!" అని హులిగెమ్మ అరిస్తే, "నొప్పి ఉండాదంట మ్మా. తగ్గినాక చూద్దాం" అన్నాడంట. మహాదేవమ్మ ఇచ్చిన మందు వాడాక మంట తగ్గింది. లోపలి పోటు అట్లాగే ఉంది. కర్నూలుకు పోవాలంటే కంప్యూటర్‌లో సిఫారసు పుట్టాలి. కంప్యూటర్ చీటీ ముందు పక్క మాత్రమే చదువుతుంది.

ఇంతలో ఆసుపత్రి నుంచి రికార్డు చేసిన గొంతుతో ఫోన్ వచ్చింది. సమస్య తగ్గితే ఒకటి నొక్కాలి. తగ్గకపోతే రెండు నొక్కి, కారణం గట్టిగా చెప్పాలి. నంబరు వీరభద్రది. ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉంది. ఎత్తింది హులిగెమ్మ. గట్టిగా చెబితే పక్కింటికి వినబడుతుంది. ఆమె ఒకటి నొక్కింది.

మహాదేవమ్మకు మెమో ఇచ్చారు. ఒక రోగికి మూడు నిమిషాలు కేటాయించగా పదకొండు నిమిషాలు వాడినందుకూ, ఇంటి పెద్దను బయటికి పంపినందుకూ. ఇప్పుడామె టీకాల స్టోరులో ఫ్రిజ్ చల్లదనం చూసి రాస్తోంది. అక్కడికి రోగులు రారు.

నేను శివజ్యోతిని తీసుకొని మళ్లీ కౌంటరుకు పోయాను. ఈసారి చెయ్యి అడ్డం పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు రాశాను. రాజశేఖర్ తెర చూసి తల అడ్డంగా ఊపాడు.

"కేసు క్లోజయింది మేడం. తగ్గిపోయిందని ఉండాది."

"మనిషి మీ ముందే నిలబడింది. తగ్గలేదంటోంది."

"ఆయమ్మకు తగ్గకపోయి ఉండచ్చు మేడం. సిస్టంలో తగ్గింది."

ఆసుపత్రి గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు: స్త్రీల విభాగం, సంతృప్తి నూటికి నూరు. మీరు ఎప్పుడైనా అటు పోతే ఆ బోర్డు కింద ఒక్క నిమిషం ఆగండి. శివజ్యోతి, వయసు ఇరవై మూడు, బేతంచెర్ల. ఈ పేరు దయచేసి గుర్తుపెట్టుకోండి. ఇంకెవరూ గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు, ఆమెకు తగ్గిపోయింది.