దూడ మెడలో కదురు బిళ్లలు

1998లో ఒక ఆదివారం. కుందారపల్లి హనుమంతప్పకు ఆ రోజు ఒకటే పని: పెరట్లో బాత్‌రూమ్‌కు పునాది తవ్వించడం. దాని కోసం భార్య పుట్టమ్మ పెళ్లయినప్పటి నుంచీ అడుగుతోంది. మేస్త్రీ మారియప్ప మోకాలి లోతు తవ్వాడో లేదో, కుండ పెంకులు, వాటితోపాటు నడుమ చిల్లి ఉన్న మట్టి బిళ్లలు బయటపడ్డాయి.

పక్కింటి గుర్రప్ప గోడ మీదుగా తొంగిచూశాడు. "పాతకాలం సామానప్పా! గవర్మెంటోళ్లకి తెలిస్తే ఇల్లూ వాకిలీ తీసేసుకుంటారు."

హనుమంతప్ప వెంటనే మారియప్పను ఇంటికి పంపేసి, పెంకులను గుంటలోనే పూడ్చి, పైన అరటి పిలక నాటాడు. బిళ్లలను దారానికి గుచ్చి దూడ మెడలో కట్టాడు. దూడ మెడ ఎవరు వెతుకుతారు?

సంత నుంచి వచ్చిన పుట్టమ్మ అరటి పిలకను చూసింది. "బాత్‌రూమ్ యాడ?"

"వాస్తు కుదరలే."

గుర్రప్ప ఆ రహస్యాన్ని టీకొట్టులో మాత్రమే చెప్పాడు. అది బస్సెక్కి కృష్ణగిరి చేరింది. మరునాడు పొద్దున్నే, పాత వస్తువుల మీద పరిశోధన చేసే నందిత వచ్చింది.

"ఈడ మట్టి బిళ్లలు దొరికినాయంట కదప్పా?"

"మేము గుంటే తవ్వలేదు తల్లీ!"

అప్పుడే గడ్డపారతో మారియప్ప దిగాడు. "అన్నా, నిన్న తవ్విన గుంట యాడ పోయె?"

"అరటి పిలక కింద ఉండాది," అంది కాఫీ తెస్తున్న పుట్టమ్మ.

ఇంతలో దూడ గలగలమంటూ వచ్చి నందిత చేతిసంచీ నాకింది.

"అవి దిష్టికి కట్టినానమ్మా. కావేరిపట్టణంలో కొన్నాను."

"నువ్వు కావేరిపట్టణం యెప్పుడు పోయినావు?" అంది పుట్టమ్మ.

హనుమంతప్ప అరుగు మీద కూలబడ్డాడు. "ఇల్లు మాత్రం తీసుకోవద్దు తల్లీ. పాపం, ఆమె ఇంకా బాత్‌రూమే చూడలేదు."

పుట్టమ్మ కాఫీ గ్లాసు ముందు ఆయన చేతికే ఇచ్చింది.

నందిత నవ్వింది. "మీ ఇల్లు ఎవరికి కావాలప్పా? ఇవి కదురు బిళ్లలు. నూలు వడికేటప్పుడు కదురు నిలకడగా తిరగాలని బరువుకి పెట్టేవాళ్లు. ఉత్త బిళ్లను చూసి కాలం చెప్పలేము. మట్టిలో ఏ పొరలో, ఏ పెంకులతో దొరికిందో చూడాల."

అరటి పిలకను పెరికి గుంట మళ్లీ తవ్వారు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులను తిప్పి తిప్పి చూసి, "రెండువేల ఏండ్ల నాటివి అయ్యుండొచ్చు," అంది నందిత. ఫోటోలు తీసుకుంది, బిళ్లలూ పెంకులూ అడిగి తీసుకుంది. "నా పని అయిపోయింది. ఇంక బాత్‌రూమ్ కట్టుకోండి," అని బస్సెక్కింది.

మారియప్ప గడ్డపార ఎత్తాడు. హనుమంతప్ప ఎగిరి పట్టుకున్నాడు.

"ఆగప్పా! రెండువేల ఏండ్ల కింద ఈడ ఒక ఆయమ్మ కూర్చోని నూలు వడికింది. ఆ చోట బాత్‌రూమా?"

ఏ గవర్నమెంటూ అడగని ఆ జానెడు జాగాను, చుట్టూ ముళ్లకంప నాటి, హనుమంతప్పే స్వాధీనం చేసుకున్నాడు.

పుట్టమ్మ మేస్త్రీ వైపు తిరిగింది.

"ఈయప్ప పగలంతా పండుకునే చోటు ఉండాదే, ఆడ తవ్వు మారియప్పా. ఆడ ఎవురూ ఎప్పుడూ ఏ పనీ చేసుండరు."