కూతల ఆఫీసులో దీర్ఘశ్వాస

ఒక పెద్ద అడవిలో, పెద్ద అడవులన్నిట్లో ఉన్నట్టే, ఒక పెద్ద ఆఫీసు ఉండేది. దాని పేరు కూతల కార్యాలయం. పులో, చిరుతో, రేచుకుక్కలో వస్తుంటే చూసి గట్టిగా అరవడం ఆ ఆఫీసు పని. ఆ అరుపు విని పారిపోవడం మిగతా అడవి పని.

ఒకప్పుడు అందులో సిబ్బంది నిండుగా ఉండేవారు. తర్వాత దుప్పి రిటైరైంది. నెమలి డెప్యుటేషన్ మీద సాంస్కృతిక శాఖకు వెళ్ళి, అక్కడే నాట్యం చేసుకుంటూ ఉండిపోయింది. అడవికోడి విధి నిర్వహణలో ఒక ప్రమాదానికి గురై పోయింది. ఆ ప్రమాదానికి ఒంటినిండా మచ్చలున్నాయని చూసినవాళ్ళు చెప్పారు. ఖాళీ అయిన పోస్టు ఏదీ మళ్ళీ నిండలేదు.

చివరికి ఇద్దరు మిగిలారు. చెట్టు మీద కొండముచ్చు గవరయ్య, నేల మీద తీతువు పిట్ట సింహాద్రమ్మ. గవరయ్యది పగటి డ్యూటీ. సింహాద్రమ్మది రాత్రి డ్యూటీ, నెమలి తిరిగొచ్చేవరకు పగలు కూడా ఇన్‌చార్జి. నెమలి తిరిగొస్తుందని ఆఫీసులో ఎవరికీ నమ్మకం లేదు, నెమలికి అసలే లేదు.

సింహాద్రమ్మ మొగుడిదీ ఇదే శాఖ. గుడ్లు పెట్టిన వారానికే అతన్ని అవతలి కొండ మీద రాతిక్వారీకి బదిలీ చేశారు. భార్యాభర్తల్ని ఒకేచోట ఉంచమని పెట్టుకున్న అర్జీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. గుడ్లు మాత్రం ఆఫీసు ముందు గులకరాళ్ళ మైదానంలో, ఓ పక్కగా ఉన్నాయి. తీతువులు గూళ్ళు కట్టవు గదా, నేల మీదే పొదుగుతాయి. ఆవిడ ఓ కంట గుడ్లను, ఓ కంట అడవిని చూస్తూ, రాత్రీ పగలూ కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునేది.

నిద్ర లేకపోతే ఎవరికైనా ఏమవుతుంది? ఒక మధ్యాహ్నం టేకు చెట్టు నుంచి ఎండుటాకు ఒకటి ఫట్టున రాలింది. సింహాద్రమ్మ కెవ్వున కేక పెట్టింది. అడవంతా పరుగెత్తింది. పరుగెత్తినవాళ్ళలో రాజుగారూ ఉన్నారు. భోజనం చేసి కునుకు తీస్తున్న సింహరాజు అరకోసు దూరం పోయాక గానీ తాను రాజునని గుర్తు చేసుకోలేకపోయాడు.

వెంటనే శాఖాధిపతిని పిలిపించాడు. శాఖాధిపతి అడవిపంది వరహాలరావు. మనిషి, అంటే పంది, చెడ్డవాడు కాదు. పైవాళ్ళకు చెడ్డ కబురు చెప్పే అలవాటు మాత్రం లేదు.

“ఏమయ్యా, ఆకులకు కూడా అరుస్తున్నారేం మీవాళ్ళు?”

పోస్టులు ఖాళీగా ఉన్నాయన్న మాట వరహాలరావు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఎన్నని అడుగుతారు, ఎప్పటినుంచని అడుగుతారు, ఇన్నాళ్ళూ గడ్డి పీకుతున్నావా అని కూడా అడుగుతారు. అందుకని ఆ మాట మింగేసి, “ఒత్తిడి ప్రభూ” అన్నాడు.

“అంటే?”

“పని ఎక్కువైతే వచ్చే జబ్బు ప్రభూ.”

“అయితే పని తగ్గించు.”

“అబ్బే, అక్కర్లేదు ప్రభూ. పనిని అలాగే ఉంచి ఒత్తిడిని మాత్రం తగ్గించొచ్చట. దానికి నిపుణులున్నారు.”

రాజుగారికి ఇది భలే నచ్చింది. ఇంత తేలికైన మార్గం ఉండగా తన తాత ముత్తాతలు రాజ్యం ఎందుకంత కష్టపడి ఏలారో ఆయనకు అర్థం కాలేదు.

నిపుణుడు పొరుగు మడుగు నుంచి వచ్చాడు. పేరు కూర్మానంద స్వామి. తాబేలు. కబురు వెళ్ళింది అమావాస్యకు, ఆయన చేరుకున్నది పౌర్ణమికి. ఆలస్యమైందని ఎవరూ అనలేదు. ఎంత నిదానమో చూడండి, ఎంత ప్రశాంతతో చూడండి అని వరహాలరావు అందరికీ చూపించి మురిసిపోయాడు.

స్వామి మొదటి ఉపన్యాసం మైదానంలో జరిగింది.

“నాయనా, తల్లీ! నా తాత మూడొందల ఏళ్ళు బతికాడు. ఎలా? వేళకు తిండి, వేళకు నిద్ర, పొద్దున్నే నడక, నిండుగా ఊపిరి. ఇవి నాలుగూ ఉంటే ఒత్తిడి మీ దరిదాపులకు రాదు.”

చెప్పిన మాటలన్నీ మంచివే. మంచి మాటలతో వచ్చిన చిక్కే అది, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. సింహాద్రమ్మ మాత్రం రెక్క ఎత్తింది.

“స్వామీ, వేళకు పడుకోమన్నారు. నాది రాత్రి డ్యూటీ. నేను పడుకుంటే కాపలా ఎవరుంటారండీ?”

“చూశావా తల్లీ! ఇలాంటి ఆలోచనలే ఒత్తిడికి మూలం. వాటిని రానివ్వకు.”

“ఆలోచనల్ని రానివ్వను స్వామీ. చిరుత వస్తుంది కదా.”

అందరూ నవ్వారు. నవ్వు ఆరోగ్యానికి మంచిదని స్వామి దాన్ని కూడా కార్యక్రమంలో కలిపేశాడు.

తర్వాత అసలైన పాఠం మొదలైంది. ప్రమాదం కనబడగానే అరవకూడదు. ముందు కళ్ళు మూసుకోవాలి. మూడుసార్లు నిండుగా ఊపిరి తీసి వదలాలి. అప్పటికీ అరవాలనిపిస్తే, మెల్లగా, ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకోకుండా అరవాలి.

“కళ్ళు మూసుకుంటే పులి ఎటు పోయిందో ఎలా తెలుస్తుంది స్వామీ?” అన్నాడు గవరయ్య.

“పోయిందనే అనుకో నాయనా. మంచినే ఊహించుకోవాలి.”

కార్యక్రమం నడపడానికి సిబ్బంది కావాలన్నాడు స్వామి. కూతల పోస్టులు ఎలాగూ ఖాళీగా ఉన్నాయి కాబట్టి రెండింటిలో ఆయన తమ్ముళ్ళిద్దరినీ ప్రశాంతత పర్యవేక్షకులుగా వేశారు. వాళ్ళ పని సింహాద్రమ్మ ప్రశాంతంగా ఉందో లేదో గంటగంటకూ వచ్చి అడగడం. కాస్త కళ్ళు మూతపడే సమయానికి సరిగ్గా ఎవరో ఒకరు వచ్చి, “అమ్మా, హాయిగా ఉన్నారా?” అని తట్టి లేపేవారు.

పొద్దున్నే నడక కూడా పెట్టారు. స్వామిని దాటి ఎవరూ ముందు నడవకూడదు, అది మర్యాద కాదు. మైదానం ఆ చివరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. సిబ్బందికి తల ప్రాణం తోకకొచ్చేది. అంతసేపూ అడవికి కాపలా లేదు.

అయినా ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. కూతలు సగానికి సగం తగ్గిపోయాయని వరహాలరావు రాజుగారికి విన్నవించాడు. కుందేళ్ళ నుంచి ఫిర్యాదులు కూడా తగ్గాయి. కుందేళ్ళే తగ్గాయన్న సంగతి విన్నపంలో లేదు. రాజుగారు మధ్యాహ్నాలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోసాగాడు.

ఇంత గొప్ప పనిని కళ్ళారా చూడాలని ఆయనకు ముచ్చటేసింది. ప్రశాంతతా ప్రదర్శన జరపమన్నాడు. సిబ్బంది అందరి ముందు నిలబడి, స్వామి చాలనేదాకా ఊపిరి తీస్తూ వదులుతూ నిశ్శబ్దంగా ఉండాలి. నోరు తెరిస్తే తప్పినట్టు. తప్పినవాళ్ళకు బదిలీ.

“ఎక్కడికండీ?” అంది సింహాద్రమ్మ.

“మీ ఆయన ఉన్నచోటికి కాదులే” అన్నాడు వరహాలరావు. “ఇంకా అవతలకి. నదికి ఆవలి గట్టుకి.”

సింహాద్రమ్మ గుడ్ల వైపు చూసింది. గుడ్లలోంచి అప్పటికే చిన్న చిన్న చప్పుళ్ళు వస్తున్నాయి. ఇంకో రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇప్పుడు తను కదిలితే గుడ్లు చల్లబడిపోతాయి, లేదా ఏ ఉడుమో వచ్చి తినిపోతుంది. “నోరు కట్టేసుకుంటాను. ఏం జరిగినా తెరవను” అని గుడ్లకు చెప్పింది.

ప్రదర్శన రోజు మైదానం కిటకిటలాడింది. ఒకవైపు మెట్ట మీద రాజుగారు. ఆయన కింద ముందు వరసలో కుందేళ్ళు, వాటి పిల్లలు. రెండో వైపు దూరంగా సింహాద్రమ్మ గుడ్లు. మధ్యలో సిబ్బంది.

“కళ్ళు మూయండి. ఊపిరి తీయండి” అన్నాడు స్వామి.

సింహాద్రమ్మ ఒక కన్నే మూసింది. అలవాటైన కన్ను మాట వినలేదు.

ఆ కంటికి వెదురు పొదల వెనక ఏనుగు కనబడింది. మందలోంచి తరిమేసిన ఒంటరి మగ ఏనుగు. మదమెక్కి ఉంది. కణతల నుంచి మదజలం కారుతోంది. తొండం ఎత్తి, నేరుగా రాజుగారి మెట్ట వైపు వస్తోంది. గుడ్ల వైపు కాదు.

గవరయ్య కూడా చూశాడు. సింహాద్రమ్మ వైపు చూశాడు, వరహాలరావు వైపు చూశాడు, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి.

నోరు మూసుకుంటే చాలు. గుడ్లు క్షేమం, ఉద్యోగం క్షేమం. రాజుగారి సంగతి రాజుగారు చూసుకుంటారు. ఇదంతా సింహాద్రమ్మకు తెలుసు. కానీ ముందు వరసలో ఒక కుందేలు పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, స్వామి చెప్పినట్టే, బుగ్గలు పొంగించి ఊపిరి బిగబట్టి కూర్చుంది.

సింహాద్రమ్మ అరిచింది. మూడు ఊపిరులూ తీయలేదు, మెల్లగానూ అరవలేదు. ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

క్షణంలో మైదానం ఖాళీ. కుందేళ్ళు బొరియల్లో దూరాయి. గవరయ్య చెట్టెక్కాడు. వరహాలరావు ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. రాజుగారు ఎగిరి రేగుముళ్ళ పొదలో పడ్డాడు. స్వామి, ఆయన తమ్ముళ్ళు తల, కాళ్ళు లోపలికి లాక్కున్నారు. ఏనుగు స్వామి మీద ఓ కాలు మోపి, మైదానం అంచున బురదలోకి దిగ్గొట్టి, అవతలికి పోయింది.

ఏనుగు పోయాక వరహాలరావు ప్రత్యక్షమై మొదట చేసిన పని బదిలీ ఉత్తర్వు ఇవ్వడం.

“నలుగురి ప్రాణాలు కాపాడావు, కాదనను. కానీ ప్రదర్శన పాడైంది కదమ్మా. రేపు పొద్దున్నే బయల్దేరు.”

సింహాద్రమ్మ గుడ్ల దగ్గర కూలబడి ఏడ్చింది.

“అక్కా, అరవకుండా ఉండాల్సిందే” అన్నాడు గవరయ్య తల వంచుకుని.

“ఉండలేకపోయాన్రా” అంది. “పసిపిల్లలురా ముందు వరసలో.”

అక్కడ గుహలో రాజుగారి పరిస్థితి బాగోలేదు. వెనకవైపు ముళ్ళన్నీ పీకేశారు. లోపలి భయాన్ని పీకడం ఎవరివల్లా కాలేదు. ఆకు రాలితే ఉలిక్కిపడుతున్నాడు. ఈగ వాలితే లేచి నిలబడుతున్నాడు. రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తెల్లవారగానే బురదలోంచి పైకి తీసిన స్వామిని అలాగే తెచ్చారు.

“నిండుగా ఊపిరి తీయండి ప్రభూ.”

“తీస్తుంటే ఏనుగు వాసనే వస్తోందయ్యా.”

“వేళకు తినండి.”

“గొంతు దిగట్లేదు.”

“అలా కాస్త మెల్లగా నడవండి.”

“అది మళ్ళీ వస్తే?”

“రాదనే అనుకోండి ప్రభూ. వస్తే మాత్రం ఏముంది, నాలాగే లోపలికి ముడుచుకుంటే సరి.”

రాజుగారు తన వీపు తడుముకున్నాడు. జుట్టు తప్ప ఏమీ తగల్లేదు. స్వామిని బయటికి పంపేసి, సింహాద్రమ్మను పిలిపించాడు. ఆవిడ అప్పటికి ప్రయాణానికి రెక్కలు సర్దుకుంటోంది. గుడ్ల దగ్గర గవరయ్యను కూర్చోబెట్టి వచ్చింది.

“ఏమ్మా, నువ్వు రోజూ ఇలాంటివన్నీ చూస్తూ ఎలా నిద్రపోతున్నావు?”

“పోవట్లేదు ప్రభూ.”

“మరి ఏం చేస్తే నిద్ర పడుతుంది?”

“పక్కన ఇంకొకరు మేలుకుని ఉంటే పడుతుంది ప్రభూ. అంతకు మించి నాకు తెలీదు.”

“అయితే నువ్వు మేలుకుని ఉండు. బదిలీ రద్దు.”

“ఉంటాను ప్రభూ” అని, తూలి పడబోయి, నిలదొక్కుకుంది. “కానీ మధ్యలో నాకు తెలీకుండానే కళ్ళు మూతపడిపోతున్నాయి. అప్పుడు ఎవరుంటారు?”

రాజుగారు జీవితంలో మొదటిసారి ఆలోచించాడు. ఈ పిట్ట నిద్రపోతే తన గతేమిటి? ఆ ఒళ్ళు తెలియని మధ్యాహ్నాలన్నీ ఎవరిని నమ్ముకుని పడుకున్నట్టు? అడవి దద్దరిల్లేలా వరహాలరావును పిలిచాడు.

ఎన్నేళ్ళుగానో కదలని ఖాళీలు సాయంత్రానికి భర్తీ అయిపోయాయి. నెమలిని నాట్యం మధ్యలో, పింఛం విప్పి ఉండగానే తీసుకొచ్చారు. రెండు దుప్పులను కొత్తగా వేశారు. రాతిక్వారీ నుంచి సింహాద్రమ్మ మొగుడు ఎగిరొచ్చి, నేరుగా గుడ్ల మీద కూర్చున్నాడు.

ఆమె అతని పక్కనే ముక్కు రెక్కలో దాచుకుని పడుకుంది. గుడ్లు చిట్లాయి, పిల్లలు తడి కాళ్ళతో ఆమె మీదుగా నడిచాయి, అయినా లేవలేదు. లేపబోయిన ప్రశాంతత పర్యవేక్షకుణ్ణి గవరయ్య తిరగేసి పెట్టాడు.

ఒత్తిడి నివారణ కార్యక్రమం ఘనవిజయం సాధించినందుకు వరహాలరావు సభ పెట్టి కూర్మానంద స్వామికి శాలువా కప్పాడు. అంతా శ్వాస మహిమ అన్నాడు స్వామి. అందరూ చప్పట్లు కొట్టారు. రాజుగారు రాలేదు, హాయిగా నిద్రపోతున్నాడు.

నీతి: కిందివాళ్ళ ఒత్తిడి తగ్గాలంటే దాన్ని తగ్గించాలని చూడకండి, ఒక్క రాత్రికి పైవాళ్ళకు అంటించండి.