నాలుగు వందల అడుగులు, నలభై కుర్చీలు

సోమవారం పొద్దున సుప్రజ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండెక్కకముందే నరసరావుపేటలో తమ వీధి చివరిదాకా నడిచి తిరిగి రావాలి. మొత్తం నాలుగు వందల అడుగులు. ఈపూరు అవతల ఆమె పాఠాలు చెప్పే బడికి బస్సు దిగి నడవాల్సిందీ అంతే. నడవగలిగితే సెలవు ముగించి ఇవాళే మళ్ళీ డ్యూటీలో చేరుతుంది. లేకపోతే ఉద్యోగం మానేస్తానని భర్త జయకృష్ణకి మాటిచ్చింది.

ఆమెకున్నది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. కాళ్ళు మాట వినవు, నీరసం చెప్పకుండా వస్తుంది. చుట్టాలందరూ మంచం దిగొద్దన్నారు. వాళ్ళకేం, చెప్పడానికి నోరుంటే చాలు. ఫిజియోథెరపిస్టు ఫరా మాత్రం, "జబ్బు పోదు మేడమ్. పద్ధతిగా వ్యాయామం చేస్తే కాళ్ళకి బలమొస్తది, నీరసం తగ్గుద్ది," అని మూడు నెలలుగా వారానికి మూడు రోజులు చేయిస్తోంది. వంద అడుగులకోసారి మాత్రం కూర్చోమంది.

వీధిలో కూర్చోవాలంటే కుర్చీ ఉండాలి. ఇంట్లో ఉన్నవి సోఫాలు. జయకృష్ణ అయిదింటికే షామియానాల చెన్నకేశవులుకి ఫోన్ చేసి, "బాబాయ్, కుర్చీలు కావాలి. అర్జెంటు. సుప్రజ కోసం," అన్నాడు.

పెళ్ళికైతే నెల ముందే చెబుతారు. తెల్లారకుండా కుర్చీలడిగేది ఒక్కదానికే. నలభై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్న చెన్నకేశవులు, వివరాలడిగి ఆ మనిషిని ఇంకా ఏడిపించడం దేనికనుకున్నాడు. నలభై కుర్చీలూ, షామియానా, ఫ్రీజర్ బాక్సూ వ్యానెక్కించాడు. తోడల్లుడు గోపాలరావుకి కబురు కూడా చెప్పాడు. గోపాలరావు సుప్రజ బడికి హెడ్మాస్టరు.

జయకృష్ణ స్నానం చేస్తుండగా వ్యాను వచ్చింది. వీధి పొడవునా కుర్చీలు పడ్డాయి. ఎదురింటి రాహేలు, ఎవరికోసమో చెన్నకేశవులుని అడిగి తెలుసుకుని, మొదటి కుర్చీలో కూలబడి, "ప్రభువా! నిన్న సాయంత్రం కూడా నా దగ్గర కరివేపాకు తీసకపోయిందే!" అని ఏడుపందుకుంది. ఆ ఏడుపు విని వీధంతా వచ్చి కూర్చుంది.

బూట్లు తొడుక్కుని సుప్రజ బయటికొచ్చింది.

"ఏమే, నువ్వు బాగానే ఉన్నావా?" అంది రాహేలు, కొంచెం నిష్ఠూరంగా.

"ఉన్నా పిన్నీ. ఎవరు పోయారు?"

"అయితే మీ ఆయనా!" అని రాహేలు మళ్ళీ మొదలుపెట్టింది. జయకృష్ణ తువ్వాలుతో పరిగెత్తుకొచ్చి, "ఏందిదంతా?" అన్నాడు. ఆయనా ఉన్నాడు. పోయిందెవరో తేలకుండా లేచిపోవడం మర్యాద కాదని ఎవరూ కదల్లేదు. చెన్నకేశవులు, జయకృష్ణ ఒకరినొకరు తిట్టుకోవడంలో మునిగిపోయారు. గోపాలరావు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఎండ వచ్చేస్తోంది. సుప్రజ నడక మొదలుపెట్టింది. వంద అడుగుల దగ్గర కుర్చీలో ఒకాయన కూర్చుని, "నువ్వు నడవకూడదమ్మా, చానా రెస్టు కావాలి," అన్నాడు. లేవలేదు. రెండు వందల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆమె ఆరోగ్యం గురించే బాధపడుతున్నారు. వాళ్ళూ లేవలేదు. ఆమె గోడ పట్టుకుని నాలుగు శ్వాసలు తీసుకుని వెనక్కి తిరిగింది. కాళ్ళు వణుకుతున్నాయి. మూడు వందలు. మూడొందల యాభై. ఇంటి గేటు పట్టుకుంది.

"నాలుగొందలు! ఒక్కసారి కూడా కూర్చోలా!" అంది. ఆనందంతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. జయకృష్ణకీ వచ్చాయి. వాటిని చూసి అందరూ మళ్ళీ ఏడ్చారు.

ఎనిమిదింటి బస్సులో ఇద్దరూ బయల్దేరారు. బస్సు దిగి సుప్రజ దర్జాగా నడిచింది. బడి గేటుకి తాళం వేసుంది. పక్కన బోర్డు మీద, సుప్రజ టీచరు ఆకస్మిక మరణానికి సంతాపంగా నేడు సెలవని రాసి ఉంది. ఆమె హెడ్మాస్టరుకి ఫోన్ చేసింది.

"సార్, సుప్రజని. జాయినవుదామని వచ్చాను."

గోపాలరావు స్టాఫందరితో కలిసి, దండ పట్టుకుని, అప్పుడే నరసరావుపేటలో దిగాడు.

"చానా సంతోషమమ్మా," అన్నాడు. "కానీ సెలవు ఆర్డరు మీద సంతకం పెట్టేశా, పైకి పంపేశా. రేపు రా."

సుప్రజ బతికుండటం నిజమే గానీ, ఆర్డరు రద్దు చేయడానికి ఆ కారణం సరిపోలేదు.